సభకు ఏ దరువు కొట్టాలి?

మొన్న మా చెల్లెలి కొడుకు వచ్చాడు. హాస్టలు వార్డెను ఉద్యోగం వచ్చిందట. "ఏం చెయ్యాలో జర చెప్పు మామూ" అన్నాడు. బియ్యం తూకం దగ్గరుండి చూసుకో, వంటవాళ్ళతో పోట్లాడకు, పిల్లల జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకు అని చెప్పి పంపాను. వాడు సందు తిరిగాక నాకే నవ్వొచ్చింది. ఇన్నేళ్ళు చేసిన ఉద్యోగం గురించి నేను చెప్పగలిగింది బియ్యం తూకమేనా? అందుకని ఇది రాస్తున్నాను. వాడు చదువుతాడన్న నమ్మకం లేదు. ఇంకెవరైనా చదివితే సంతోషం.

ఉద్యోగం

నిజాం కాలంలో నాగర్‌కర్నూల్లో ఆది హిందూ పిల్లలకు ఒక బోర్డింగు ఉండేది. వనపర్తిలో ఒకటి, గద్వాలలో ఒకటి. ప్రభుత్వానివి కావు. మాల మాదిగ పిల్లలు చదువుకోవాలని హైదరాబాదు పట్నంలో కొందరు పెద్దలు చందాలు పోగుచేసి నడిపేవారు. పిల్లలు పగలు సర్కారీ బడికి పోయి సాయంత్రం బోర్డింగుకు వచ్చేవారు. నాగర్‌కర్నూలు బోర్డింగుకు నేను వార్డెను.

ఈ ఉద్యోగానికి నాతో పోటీపడ్డవాళ్ళు ఎవరూ లేరు. అక్కడే ఉండాలి, అక్కడే తినాలి అనేసరికి మిగతా పంతుళ్ళందరికీ ఒకేసారి ఇంటి ఇబ్బందులు గుర్తొచ్చాయి. నేను సర్కారీ బడిలో ఉర్దూ చెప్పేవాణ్ణి. మాది బజారులో చిన్న దుకాణమున్న కుటుంబం. ఇంటి లోపల ఉర్దూ, గడప దాటితే తెలుగు. మా అమ్మ ఒకటే అడిగింది, అక్కడ అన్నం మెత్తగా ఉడుకుతుందా అని. ఉడుకుతుందని అబద్ధం చెప్పి చేరిపోయాను.

చేరిన కొత్తలో నన్ను కష్టపెట్టింది పిల్లల అల్లరి కాదు, వాళ్ళ అణకువ. బెంచీ మీద కూర్చోమంటే కూర్చోరు. కూర్చున్నా చివర వేలాడుతూ, ఎవరైనా వస్తే లేవడానికి సిద్ధంగా ఉంటారు. కడుపునొప్పి ఉందని చెప్పరు, పడిపోయాక మనం కనుక్కోవాలి. బడిలో వాళ్ళను తలుపు దగ్గర కూర్చోబెట్టేవారు. ఆ తలుపు వాళ్ళ ఒంట్లోకి వచ్చేసినట్టుండేది. అన్నం పెట్టడం, చదివించడం కాగితం మీద ఉద్యోగం. ఆ పిల్లల చేత నోరు తెరిపించడం అసలు ఉద్యోగం. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా నమ్మేవాణ్ణి కాదు.

వరుడు లేని పెండ్లి

మూడు బోర్డింగుల పిల్లలూ ఏడాదికోసారి ఒకచోట కలవాలన్నది పట్నం పెద్దల ఆలోచన. మొదటి సభ, జల్సా అనేవాళ్ళం, వనపర్తిలో జరిగింది. ముగ్గురు వార్డెన్లం పోటీపడి పనిచేశాం. మామిడాకులు కట్టించాం. ఊళ్ళో ఉన్న కుర్చీలన్నీ తెప్పించాం. సదరుగా, అంటే అధ్యక్షుడిగా, ఒక పెద్దమనిషిని పిలిచి మోయలేనన్ని దండలు వేశాం. తెల్లవారుజామున వణుకుతూ చన్నీళ్ళ స్నానం చేసి వచ్చిన పిల్లలకు ఆయన శుభ్రత గురించి మధ్యాహ్నం దాకా చెప్పారు. పిల్లలు స్వాగత గీతం పాడారు, చప్పట్లు కొట్టారు, లడ్డూలు తిన్నారు.

బళ్ళ ఇన్‌స్పెక్టరు ఒకాయన వెనకాల కూర్చుని అంతా చూశాడు. ఆయన నోట మెప్పు అన్నది నేనెప్పుడూ వినలేదు. వెళుతూ వెళుతూ నన్ను పిలిచాడు.

"మౌల్వీ సాబ్, షాదీ బ్రహ్మాండంగా చేశారు. దూల్హా ఎక్కడ?"

నాకు అర్థం కాలేదు.

"ఈ జల్సా పిల్లలది అన్నారు. వాళ్ళలో ఒక్కడు కూడా ఒక్క మాట మాట్లాడలేదేం?"

అంత కష్టపడి చేస్తే ఇదా మాట అని నాకు ఒళ్ళు మండిపోయింది. చాలా రోజులు ఆయన్ని మనసులో తిట్టుకున్నాను. తర్వాత మా పిల్లల్ని కూర్చోబెట్టి అడిగాను, పోయినసారి సభలో మీకు ఏం నచ్చిందిరా అని. లడ్డూ అన్నారు అందరూ. ఇంకేం లేదా అంటే తలలు వంచుకున్నారు. ఇన్‌స్పెక్టరు తర్వాత నా మీద ఎన్నో రాశాడు, నా లెక్కలన్నీ తప్పులన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన్ని క్షమించేశాను.

మరుసటి ఏటి నుంచి పద్ధతి మార్చాం. సదరు పిల్లల్లోంచే ఉండాలి. పిల్లలే ఎన్నుకోవాలి. పోటీలో ఉన్న ఒక్కొక్కరికీ ఒక్కొక్క ముంత పెట్టి, చింతగింజలు వేయించేవాళ్ళం. ఎవరి ముంతలో ఎక్కువ పడితే వాడే సదరు. సభ నడుస్తున్నంతసేపు సదరు పేరు పిలిస్తేనే మాట్లాడాలి. వార్డెనైనా అంతే, తహసీల్దారైనా అంతే. తోటి వార్డెన్లు ఇది నా పిచ్చి అనుకున్నారు. పిల్లలు మాత్రం చింతగింజల కోసం చెట్ల కింద వెతుకులాట మొదలుపెట్టారు.

గద్వాలలో ఒక పంక్తి

ఆ ఏడు గద్వాల. కృష్ణ దాటాలి. పుట్టిలో కూర్చుని మా పిల్లలు ఒకటే అరుపులు. నీళ్ళంటే నాకు భయం, కళ్ళు మూసుకుని దువా చదువుకుంటూ కూర్చున్నాను. అది చూసి వాళ్ళకు ఇంకా హుషారు.

అప్పటి సదరు తిమ్మప్ప, మానవపాడు వైపు కుర్రవాడు. వడ్డించేవాళ్ళను చీట్లు వేసి ఎంచుదామన్నాడు. అందరూ సరే అన్నారు. తీరా నీళ్ళు పోసే చీటీ ఒక మాదిగ కుర్రవాడికి వచ్చింది. వాడు చెంబు పట్టుకుని రాగానే మాల పిల్లలు లేచిపోయారు, సగం పంక్తి ఖాళీ అయింది. ఊరు వీళ్ళందరినీ ఒకే దూరంలో పెట్టింది, ఆ దూరంలో వీళ్ళు మళ్ళీ గీతలు గీసుకున్నారు. బయటివాడిగా నాకు ఇది వింత. వాళ్ళకు వింత కాదు.

తిమ్మప్పా మాలవాడే. వాడు ఉపన్యాసం ఏమీ చెప్పలేదు. ఖాళీ అయిన వైపు ఒక్కడే కూర్చుని, ఆ చెంబులో నీళ్ళు తాగి, రొట్టె తినడం మొదలుపెట్టాడు. "ఆకలైనోడు రాండ్రి. కానోడు ఆడనే ఉండుండ్రి" అన్నాడు. పొద్దు వాలేసరికి ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. అందరూ మారిపోయారని చెప్పను. సెలవుల్లో ఇంటికి వెళ్ళాక ఈ సంగతి తెలిసి దెబ్బలు తిన్నవాళ్ళున్నారు. అయినా మా బోర్డింగుల్లో ఆ తర్వాత రెండు పంక్తులు వెయ్యలేదు. నేను వెయ్యి మాటలు చెప్పి సాధించలేనిది తిమ్మప్ప ఒక రొట్టెతో సాధించాడు.

కొత్తగా చేరేవాళ్ళకు

చెప్పాల్సిన నాలుగు ముక్కలు ఇక్కడే చెప్పేస్తాను. తర్వాత రాయబోయేది రాశాక నాకు ఇంకేమీ రాయబుద్ధి కాదు.

గట్టిగా మాట్లాడేవాడే నాయకుడని మోసపోకండి. పద్యాలు బాగా చదివేవాణ్ణి ముందు నిలబెడితే మనకు పేరొస్తుంది, వాడికి గొంతు పోతుంది. తగాదా వచ్చినప్పుడు మిగతావాళ్ళు ఎవరి వంక చూస్తున్నారో గమనించండి. వాడు మూల నిలబడి ఉంటాడు. ఇంకొకటి, పిల్లలకు పెత్తనం ఇస్తే నిజంగా ఇవ్వండి. సగం ఇచ్చి సగం మన గుప్పిట్లో ఉంచుకుంటే వాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది. పూర్తిగా ఇస్తే ఒకనాడు అది మన నెత్తి మీదికే వస్తుంది. నాకు వచ్చింది. చాలా సంతోషమైంది, కాకపోతే ఆ క్షణంలో కాదు.

ఎల్లయ్య చాటింపు

మూడో సభ మా నాగర్‌కర్నూల్లో. సదరు చెన్నయ్య. బల్మూరు దిక్కు పల్లె నుంచి వచ్చినవాడు. మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. వాళ్ళ నాయన ఎల్లయ్య ఆ ఊరి డప్పు మనిషి. ఊళ్ళో చాటింపు ఏదైనా ఆయన నోటితోనే. అందుకు ప్రతిఫలంగా ఊరి పటేలు చేతి కింద మాన్యంగా చిన్న పొలం చెక్క ఉండేది. తండ్రి తర్వాత డప్పూ మాన్యమూ కొడుక్కు రావాలి. చెన్నయ్యను చదువుకు పంపడానికి పటేలు మొదట్నుంచీ గుర్రుగానే ఉన్నాడు. డప్పు పట్టే వయసు వచ్చింది, ఇంకా బడేంది అని ఎల్లయ్యను ఎప్పటికప్పుడు నిలదీసేవాడు. ఈ మాట చెన్నయ్య నాకు చెప్పలేదు. ప్రతి సెలవుకూ ఇంటికి వెళ్ళేటప్పుడు వాడు పుస్తకాలన్నీ నా దగ్గర వదిలి వెళ్ళేవాడు. తిరిగి వస్తానో రానో అని.

ఈసారి సభకు తల్లిదండ్రుల్ని కూడా పిలవాలని పిల్లలు పట్టుబట్టారు. ఆ రోజుల్లో సభ పెట్టాలంటే తహసీలు కచేరీ నుంచి ఇజాజత్, అంటే అనుమతి, తీసుకోవాలి. పిల్లలు, వాళ్ళ చుట్టాలు తప్ప ఎవరూ రాకూడదు, రాజకీయం మాట్లాడకూడదు అని షరతు పెట్టి ఇచ్చారు. చూసి రమ్మని ఒక పోలీసు జమేదారును కూడా పంపారు. పల్లెల్లో కబురు చెప్పే పని చెన్నయ్య తన తండ్రికే అప్పగించాడు. ఇన్నేళ్ళూ ఇతరుల మాటలు చాటిన మనిషి, ఒక్కసారి మన మాట చాటనీ అన్నాడు. నాకు భలే నచ్చింది.

సభ రోజు పొద్దున్నే వేపమండల పందిరి వేసి జంపఖానాలు పరిచాం. జనం వచ్చారు. మేము అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ. చూస్తే ఒక్కొక్కరి భుజాన పారలు, గంపలు, మోకులు. ఆడవాళ్ళ నడుముకు కొడవళ్ళు. పందిరి బయట చెప్పులు చేత్తో పట్టుకుని బారుగా నిలబడ్డారు. ముందున్న ముసలామె పేరు ఈదమ్మ. చెన్నయ్యను చూసి అడిగింది.

"పనేడ బిడ్డా? ఎవల చేను?"

"పనేం లేదవ్వా. లోపలికొచ్చి కూసోవాలె."

"కూసొని ఏం జెయ్యాలె?"

"ఇనాలె. మాట్లాడితే మాట్లాడాలె. పగటీలికి అన్నం పెడ్తం."

ఆమె వెనక్కి తిరిగి అందరితో అంది. "కూసోబెట్టి అన్నం బెట్టే వెట్టి నా బతుకుల సూడలే. ఇందుల ఏదో మతలబున్నది."

వెట్టి! అప్పుడు వెలిగింది నాకు. వీళ్ళంతా వెట్టి పనికి పిలిచారనుకుని వచ్చారు. నేను పగలబడి నవ్వాను. చెన్నయ్య నవ్వలేదు. గబగబా తండ్రి దగ్గరికి వెళ్ళాడు.

"నాయినా, ఏం దెబ్బ గొట్టినవ్?"

ఎల్లయ్య డప్పు వీపు మీదికి తోసుకుని నిలబడ్డాడు. "ఏ దెబ్బ గొట్టమంటవ్ రా మరి? పెండ్లి దెబ్బ గొడ్తె పెండ్లి ఎవలదంటరు. సావు దెబ్బ గొడ్తె ఏడ్సుకుంట వస్తరు. జాతర దెబ్బ గొడ్తె కోడిని సంకల బెట్టుకొస్తరు. కూసొని మాట్లాడుకోనీకె ఏ దెబ్బున్నది? వెట్టి దెబ్బ గొడ్తె ఇంటికొక్కరు తప్పకుంట వస్తరని గదే గొట్టిన. సభ అనే చెప్పిన. దెబ్బ ఇన్నంక మాటెవడింటడు?"

ఆయన చెప్పింది నిజం. వెట్టి దరువు వినపడితే పలుగూ పారా అందుకోవడమే తప్ప, ఎందుకని అడిగే అలవాటు ఎవరికీ లేదు. కూర్చుని మాట్లాడుకోవడానికి పిలిచే దరువు ఎల్లయ్యకు ఎవరూ నేర్పలేదు. అలా పిలవాల్సిన అవసరం ఎన్నడూ వచ్చి ఉండదు.

పారలు పందిరి బయట కుప్పపోయించి అందరినీ లోపలికి తెచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఎవరూ జంపఖానా మీద కూర్చోరు, అంచున మట్టిలో కూర్చుంటారు. మొదటి కుర్రవాడు లేచి, బడిలో లెక్కలు ఎందుకు నేర్చుకోవాలో చెబుతున్నాడు. అప్పుడు గుర్రం చప్పుడైంది. చెన్నయ్య వాళ్ళ ఊరి పటేలు.

ఆ రోజు ఆయన కాలువ పూడిక తీయించాలట. పొద్దున చూస్తే వెట్టికి ఒక్క మనిషి లేడు. ఎల్లయ్య డప్పు వెంట అందరూ నాగర్‌కర్నూలుకు నడిచారని తెలిసి నేరుగా వచ్చేశాడు.

"ఎల్లిగా! ఎవని హుకుం రా? నా మనుషుల్ని నువ్వు పిలుస్తవా?"

కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు. ఎల్లయ్య పందిరి గుంజ పక్కన తల వంచుకున్నాడు.

"మాన్యం ఇయ్యాల్టితోని బందు. లేదు, ఉండాల్నంటవా? నీ కొడుకును ఇప్పుడే నా ఎంట తోలు. రేపటి నుంచి వాడు డప్పు పట్టాలె. నువ్వేం కొడుతున్నవో నీకే తెల్వదు."

మాన్యం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. పటేలు దాన్ని లాక్కున్నాడు. కానీ డప్పు కొట్టడానికి వేరే మనిషి దొరక్క, మరుసటి పంట వెయ్యకముందే తిరిగి ఇచ్చాడు. ఆ పొద్దు ఇది మాకెవరికీ తెలియదు. ఆ ఇంటికి ఉన్నది ఆ చెక్క ఒక్కటే. అది నిలవాలంటే చెన్నయ్య చదువు అక్కడితో ఆగాలి.

నేను లేచాను. పెద్దమనుషుల కోపం చల్లార్చడం నాకు బాగా వచ్చు. చేతులు జోడించి, పిల్లల పొరపాటు అని, రెండు తీపి మాటలు కలిపి చెప్పబోయాను. అంతలో వెనక నుంచి చెన్నయ్య గొంతు.

"మౌల్సాబ్, మీ పేరు పిలవలె. కూసోండ్రి."

నేను తిరిగి చూశాను. వాడు చూపు నా మీదినుంచి తిప్పలేదు. నాకు కోపం వచ్చింది, సిగ్గు వచ్చింది, ఇంతమందిలో నా పరువు తీశాడనిపించింది. అయినా కూర్చున్నాను. ఆ నియమం పెట్టింది నేనే మరి.

"పటేల్, మీరు గూడ కూసోండ్రి. మీ వంతొచ్చినప్పుడు పిలుస్త."

పటేలు జమేదారు వైపు చూశాడు. జమేదారు మీసం కింద నవ్వు దాచుకుంటూ, "ఇజాజత్ కాగితంల సదరు పేరు ఆ పోరనిదే ఉన్నది పటేల్ సాబ్. సభ అయ్యేదాక నేను గూడ ఏమనలేను" అన్నాడు. పటేలు కూర్చోలేదు. గుర్రం పగ్గం పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

చెన్నయ్య జనం వైపు తిరిగాడు. "మిమ్ముల పిలిపించింది నేను. మా నాయిన నేను చెప్తే కొట్టిండు. ఈడ ఎవల హుకుం లేదు. పటేల్ ఎంట పోతనంటే పోవచ్చు. ఉంటనంటే ఉండొచ్చు. ఎవల ఇష్టం వాళ్ళది."

ఎవరూ కదల్లేదు. అది ధైర్యం అని రాస్తే అబద్ధమవుతుంది. పొమ్మంటే పోవడం తెలుసు, ఉండమంటే ఉండడం తెలుసు. మీ ఇష్టం అంటే ఏం చెయ్యాలో ఆ జనానికి తెలియలేదు. చివరికి ఈదమ్మ నోరు తెరిచింది.

"పొమ్మని గూడ అంటలేవా బిడ్డా?"

"అంటలేనవ్వా."

"అట్లయితె కూసుంట. పొద్దుగాలకెల్లి నడిసొచ్చిన, కాళ్ళు గుంజుతున్నయ్." ఆమె జంపఖానా మధ్యలోకి వెళ్ళి కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆమెను చూసి పక్కామె. తర్వాత ఇంకొకరు. కాసేపటికి పటేలు, ఎల్లయ్య తప్ప అందరూ కూర్చున్నారు.

చెన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు ఎల్లయ్య మాట్లాడతడు" అన్నాడు. నాయిన అనలేదు, ఎల్లయ్య అన్నాడు. సదరు ఎవరినైనా పేరుతోనే పిలవాలి.

ఎల్లయ్య బిత్తరపోయాడు. ఊళ్ళో ఆయనంత గొంతు ఎవరికీ లేదు. ఆ గొంతుతో ఆయన పటేలు మాట చెప్పాడు, పన్ను మాట చెప్పాడు, తప్పిపోయిన ఎద్దు గురించి చెప్పాడు. తన మాట ఎన్నడూ చెప్పలేదు. ముందుకు వచ్చి, అలవాటుగా డప్పు మీద ఒక దెబ్బ వేసి, "ఇనుండ్రహో!" అన్నాడు. ఆగిపోయాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఎవరిదో ఆజ్ఞ రావాలి. ఈసారి రాలేదు. నోరు తెరిచి నిలబడ్డ ఆ మనిషిని చూడలేక నేను తల దించుకున్నాను. లేచి ఒక మాట అందిద్దామని ప్రాణం కొట్టుకుంది. చెన్నయ్య కూడా అందించలేదు. ఎదురుచూశాడు.

"ఇనుండ్రహో" అన్నాడు ఎల్లయ్య మళ్ళీ, ఈసారి మెల్లగా. "నా కొడుకు సదువుకుంటడు. డప్పు పట్టడు. మాన్యం పోతె పోనీ, నాకు రెండు చేతులున్నయ్. ఇది ఎవలు చెప్పమన్న మాట గాదు. నా మాట."

మెడలోంచి డప్పు తీసి కింద పెట్టాడు. తువ్వాలతో ముఖం తుడుచుకుని, పటేలు నిలబడి చూస్తుండగానే, ఈదమ్మ పక్కన జంపఖానా మీద కూర్చున్నాడు.

చెన్నయ్య కళ్ళ నిండా నీళ్ళు. వాటిని తుడుచుకోలేదు.

"పటేల్" అన్నాడు, "ఇగ మీ వంతు. చెప్పుండ్రి."

పందిట్లో ఉన్న తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. కూర్చునే, కళ్ళెత్తి, ఆయన ఏం చెబుతాడో వినడానికి సిద్ధంగా ఉన్నారు. పటేలు ఒకసారి నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. గుర్రమెక్కి వెళ్ళిపోయాడు.